రూజ్వెల్ట్, రోండాన్, దూవిదా నది: 1914 అమెజాన్ యాత్రపై తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాకు ఏడున్నరేళ్లు అధ్యక్షుడిగా ఉన్న మనిషి, పదవి దిగిపోయిన ఐదేళ్లకు, బ్రెజిల్ అడవిలో ఒక నది మీద దాదాపు చావు దాకా వెళ్లి వచ్చాడు. ఈ కథ ఎక్కడ చదివినా ఆయన ఒక్కడి వీరగాథలాగే ఉంటుంది. కానీ దోనెల్లో ఉన్నది ఇరవై ఇద్దరు. యాత్రకు నాయకులు ఇద్దరు. ఆ రెండో నాయకుడి గురించి, తెడ్లు వేసిన పదహారు మంది గురించి కూడా తెలిస్తేనే ఈ కథ పూర్తిగా తెలిసినట్టు. అందుకే వాళ్లకు కొంచెం ఎక్కువ చోటిచ్చి ఈ జవాబులు రాస్తున్నాను.

ఇది ఏ రూజ్వెల్ట్?

థియొడోర్ రూజ్వెల్ట్. అమెరికా 26వ అధ్యక్షుడు, 1901 నుంచి 1909 వరకు పదవిలో ఉన్నాడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ వేరు. ఇద్దరూ దూరపు బంధువులు.

అధ్యక్షుడిగా చేసినవాడు అడవి బాట ఎందుకు పట్టాడు?

ఎన్నికల్లో ఓడిపోయాడు కాబట్టి. 1912లో సొంత పార్టీతో తెగతెంపులు చేసుకుని, ప్రోగ్రెసివ్ పార్టీ పేరుతో మళ్లీ అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. ఆ ప్రచారంలోనే అక్టోబర్ 14న మిల్వాకీలో ఒకడు ఆయన్ని తుపాకీతో కాల్చాడు. జేబులో మడతపెట్టి ఉంచిన ప్రసంగం కాగితాలు, లోహపు కళ్లజోడు పెట్టె తూటా వేగాన్ని తగ్గించాయి. ఛాతీలో తూటాతోనే వేదికెక్కి గంటకు పైగా మాట్లాడాడు. ఆ తూటాను డాక్టర్లు తీయలేదు. అమెజాన్‌కు వెళ్లినప్పుడు కూడా అది ఆయన ఒంట్లోనే ఉంది.

ఇంత చేసినా గెలిచింది వుడ్రో విల్సన్. ఓటమి తర్వాత పాత మిత్రులు చాలామంది దూరమయ్యారు. రూజ్వెల్ట్‌కు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు ఉంది. మనసు కుంగినప్పుడల్లా శరీరాన్ని ఏదో ఒక కష్టంలోకి నెట్టేవాడు. మొదటి భార్య, తల్లి ఒకే రోజు చనిపోయినప్పుడు డకోటా మైదానాలకు వెళ్లి పశువుల మధ్య బతికాడు. అధ్యక్ష పదవి దిగగానే ఆఫ్రికాకు వేటకు వెళ్లాడు. ఈసారి అర్జెంటీనా, బ్రెజిల్, చిలీల నుంచి ఉపన్యాసాలకు పిలుపులు వచ్చాయి. వెళ్తూ వెళ్తూ ఒక నది మీద ప్రయాణం కూడా చేద్దామనుకున్నాడు. అప్పటికి ఆయన వయసు 55.

మొదటి నుంచీ ఇదే నది మీద వెళ్లాలనుకున్నారా?

లేదు. ఈ యాత్రలో జరిగిన సగం కష్టాలకు మూలం ఇక్కడే ఉంది. మొదట వేసుకున్న ప్లాన్ తేలికైనది. తెలిసిన నదుల మీద పడవల్లో వెళ్లి, న్యూయార్క్‌లోని అమెరికన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం కోసం పక్షులను, జంతువులను సేకరించాలి. ఏర్పాట్లు చూసింది ఫాదర్ జామ్ అనే పెద్ద వయసు క్యాథలిక్ మతగురువు, ఉత్తర ధ్రువ యాత్రలు చేసిన ఆంథొనీ ఫియాలా. మంచులో తిరిగిన అనుభవం అమెజాన్‌లో ఏమాత్రం పనికి రాలేదు.

1913 అక్టోబర్‌లో రూజ్వెల్ట్ బ్రెజిల్ చేరాక విదేశాంగ మంత్రి లౌరో ముల్లర్ ఇంకో మాట చెప్పాడు: మ్యాపులో లేని నది ఒకటి ఉంది, మా కల్నల్ రోండాన్‌తో కలిసి దాన్ని చివరిదాకా చూసి వస్తారా? రూజ్వెల్ట్ వెంటనే ఒప్పేసుకున్నాడు. న్యూయార్క్‌లో మ్యూజియం అధిపతి హెన్రీ ఫెయిర్‌ఫీల్డ్ ఆస్‌బర్న్‌కు ఈ సంగతి తెలిసి కంగారుపడ్డాడు. మా మ్యూజియం తరఫున అంత ప్రమాదకరమైన చోటికి వెళ్లడానికి ఒప్పుకోనని కబురు పంపాడు. రూజ్వెల్ట్ వినలేదు. సామాను మాత్రం పాత ప్లాన్‌కు తగ్గట్టు కొన్నదే.

ఈ నదిని రూజ్వెల్ట్ "కనిపెట్టాడు" అనొచ్చా?

అనకూడదు. 1909లో టెలిగ్రాఫ్ లైను కోసం దారి వెతుకుతూ రోండాన్ బృందం ఉత్తరానికి పారే ఒక నది పుట్టుక దగ్గరికి చేరింది. అది ఎటు పోతుందో, ఏ నదిలో కలుస్తుందో తెలియక దూవిదా అని పేరు పెట్టారు. పోర్చుగీసులో దూవిదా అంటే సందేహం. అదే నది దిగువ భాగం రబ్బరు పాలు గీసేవాళ్లకు అప్పటికే వేరే పేరుతో తెలుసు. పైన, కింద ఉన్నవి ఒకే నది అని ఎవరూ ముడిపెట్టలేదు. ఇక మధ్యలో ఉన్న అడవి సింటా లార్గా అనే ఆదివాసుల ఊళ్లు, వేట దారులు ఉన్న చోటు. వాళ్లకు ఆ నదిలో సందేహం ఏమీ లేదు. ఈ యాత్ర చేసింది నదిని కొలిచి మ్యాపులోకి ఎక్కించడం. అది చిన్న పనేం కాదు, కానీ దాని పేరు వేరు.

రోండాన్ ఎవరు?

కాండిడో మరియానో దా సిల్వా రోండాన్. 1865లో మాటో గ్రాసో ప్రాంతంలోని మిమోసో అనే చిన్న ఊళ్లో పుట్టాడు. ఆయనలో ఆదివాసుల రక్తం ఉంది. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే బంధువుల దగ్గర పెరిగి, రియో సైనిక పాఠశాలలో చదివి, ఆర్మీ ఇంజనీర్ అయ్యాడు. దేశం లోపలి అడవుల గుండా టెలిగ్రాఫ్ స్తంభాలు వేయించడం ఆయన ఉద్యోగం. జీవితంలో ఎక్కువ కాలం ఆ అడవుల్లోనే గడిపాడు. మలేరియాకు, ఆకలికి, అలసటకు ఎంతోమంది మనుషుల్ని పోగొట్టుకున్నాడు.

ఆయన గురించి తప్పక చెప్పాల్సిన విషయం ఒకటుంది. ఆదివాసుల నేల మీద అడుగుపెట్టే తన సైనికులకు ఆయన పెట్టిన నియమం: అవసరమైతే చనిపోండి, చంపడం మాత్రం ఎప్పుడూ వద్దు. రబ్బరు వ్యాపారులు ఆదివాసుల్ని వేటాడి చంపుతున్న రోజుల్లో ఒక సైనికాధికారి ఈ మాట అన్నాడు, పాటించాడు కూడా. 1907లో నంబిక్వారా ఆదివాసులు ఆయన మీద బాణాలు వేశారు. ఆయన త్రుటిలో తప్పించుకున్నాడు. తనవాళ్లు ఎదురుకాల్పులకు సిద్ధమైతే ఆపి, వెనక్కి తిప్పేశాడు. ఆ తర్వాత కొన్నేళ్ల పాటు బహుమతులు పెడుతూ, ఓపిగ్గా స్నేహం చేసుకున్నాడు. 1910లో ఆదివాసుల రక్షణ కోసం బ్రెజిల్ ప్రభుత్వం ఒక శాఖ పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి ఆయనే.

నాకు రోండాన్ మీద ఎంత గౌరవం ఉన్నా ఇంకో మాట కూడా చెప్పాలి. ఆయన వేసిన టెలిగ్రాఫ్ లైను 1915లో పూర్తయింది, త్వరలోనే రేడియో వచ్చి దాని అవసరం తీరిపోయింది. కానీ ఆ లైను చూపించిన దారి మిగిలింది. దశాబ్దాల తర్వాత దాదాపు అదే దారిలో హైవే వచ్చి, దానివెంట లక్షల మంది వలసవచ్చారు. ఆయన మొదలుపెట్టిన శాఖ కూడా చివరికి అవినీతి, హింస ఆరోపణలతో 1967లో మూతపడింది. ఆయన 1958లోనే కన్నుమూశాడు. బ్రెజిల్‌లో రోండోనియా రాష్ట్రానికి ఆయన పేరే పెట్టారు.

నది దాకా ఎలా చేరారు?

1913 డిసెంబర్ 12న పరాగ్వే నది మీద రూజ్వెల్ట్, రోండాన్ కలుసుకున్నారు. కొంతదూరం స్టీమర్లలో వెళ్లి, జనవరిలో టపిరపోవా అనే చోట కంచర గాడిదలు, ఎద్దుల మీద సామానెక్కించి మాటో గ్రాసో పీఠభూమి దాటారు. నెలకు పైగా పట్టింది. ఒకటే వాన. బరువు మోయలేక దారిలో పశువులు చచ్చిపోయాయి, కొన్ని ఎద్దులు మూటలు విదిలించుకున్నాయి. వెనక వస్తున్నవాళ్లకు తమ తిండి పెట్టెలే బురదలో పడి కనిపించాయి. అమెరికా నుంచి తెచ్చిన తేలికైన కాన్వాస్ పడవల్ని కూడా మోయలేక దూవిదా దాకా తీసుకురాలేదు. తర్వాత ఎన్నిసార్లు వాటిని తలుచుకుని బాధపడ్డారో.

ఈ దారిలోనే ఫాదర్ జామ్ వెనక్కి వెళ్లిపోవాల్సి వచ్చింది. నడక చేతకాక, తనను కుర్చీలో కూర్చోబెట్టి ఆదివాసులు మోసుకెళ్లాలని ఆయన అడిగాడు. మనిషిని మనిషి మోసే పని నేను చేయించనని రోండాన్ తెగేసి చెప్పాడు. రూజ్వెల్ట్ రోండాన్ వైపే నిలబడ్డాడు. ఫియాలాను వేరే నది మీదుగా పంపేశారు.

కష్టాల మధ్య ఒక మంచి దృశ్యం కూడా ఉంది. పరేసి ఆదివాసులు తలతో మాత్రమే ఆడే బంతాట చూసి రూజ్వెల్ట్ మురిసిపోయాడు. చేయి, కాలు తగలకూడదు. అడవిలో దొరికే రబ్బరుతో బంతి వాళ్లే చేసుకుంటారు. నేలమీదికి దిగిన బంతికి అడ్డంగా దూకి మరీ తలతో కొట్టేవాళ్లట. ఆయన దాని గురించి ఎంతో ఇష్టంగా రాశాడు.

నదిలోకి ఎంతమంది దిగారు?

1914 ఫిబ్రవరి 27న ఏడు దోనెల్లో 22 మంది. అమెరికన్లు ముగ్గురు: రూజ్వెల్ట్, ఆయన కొడుకు కెర్మిట్, పక్షిశాస్త్రవేత్త జార్జ్ చెర్రీ. బ్రెజిల్ అధికారులు ముగ్గురు: రోండాన్, లెఫ్టినెంట్ లిరా, డాక్టర్ కాజాజెయిరా. మిగతా పదహారు మంది తెడ్లు వేసి, చెట్లు నరికి, బరువులు మోసే కూలీలు.

కెర్మిట్ అప్పటికి బ్రెజిల్‌లో వంతెనలు కట్టే ఉద్యోగంలో ఉన్నాడు, పెళ్లి కూడా నిశ్చయమైంది. తండ్రిని చూసుకోమని తల్లి అడిగితే వచ్చాడు.

దోనెలంటే చెట్టు మాను తొలిచి చేసినవి. చాలా బరువు. సామానెక్కిస్తే అంచు నీటికి కాస్త పైన మాత్రమే ఉండేది. తేలడానికి పక్కల తాటి జాతి చెట్ల మట్టలు కట్టారు.

రోజుకు ఎంత దూరం వెళ్లేవాళ్లు?

మొదటి రోజు పూట ప్రయాణంలో తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. అంత నెమ్మదికి కారణం సర్వే. ముందు దోనెలో కెర్మిట్ వెళ్లి ఒడ్డున దిగి, కొలత కర్ర పట్టుకుని నిలబడాలి. వెనక నుంచి లిరా దూరం, రోండాన్ దిక్కు చూసి రాసుకుంటారు. మళ్లీ ఇంకో మలుపు, మళ్లీ దిగాలి. ఆ మొదటి పూటే కెర్మిట్ దాదాపు వందసార్లు ఒడ్డు దిగాడు. ఒంటినిండా కందిరీగలు, చీమలు.

తిండి తగ్గిపోతున్నకొద్దీ దీనిపైనే ఇద్దరు నాయకులకూ పడలేదు. మనుషులు బతికి బయటపడాలంటే వేగం పెంచాలని రూజ్వెల్ట్. వచ్చిందే మ్యాపు గీయడానికి, అది వదిలేస్తే ఎందుకు వచ్చినట్టని రోండాన్. చివరికి కాస్త వేగంగా సాగే పద్ధతికి రోండాన్ ఒప్పుకున్నాడు. నాకు ఇద్దరి మాటా న్యాయంగానే అనిపిస్తుంది. ఒకరు కొడుకు ప్రాణం గురించి ఆలోచిస్తున్నారు, ఇంకొకరు ఇరవై ఏళ్లకు పైగా చేస్తున్న పని గురించి.

అసలు ప్రమాదం ఎక్కడ ఎదురైంది?

మార్చి మొదటివారం నుంచి నది రాళ్ల మధ్య విరుచుకుపడటం మొదలైంది. ఒక ఉరవడి దాటితే ఇంకోటి. దోనెలో వెళ్లలేని చోట అడవిలో దారి నరకాలి, దుంగలు పరవాలి, తాళ్లు కట్టి దోనెల్ని వాటి మీదుగా లాగాలి. వంద గజాలకు ఒక్కోసారి రోజంతా పట్టేది. లాగుతుంటే దోనెలు పగిలేవి. కొన్ని రాత్రి వరదకు కొట్టుకుపోయాయి. అప్పుడు ఆగి, కొత్త చెట్టు నరికి, దీపం వెలుగులో తొలిచి కొత్తది చేయాలి. ఇదంతా చేసింది ఆ పదహారు మందే, అదీ చాలీచాలని తిండితో, జ్వరాలతో.

మార్చి 15న కెర్మిట్ దోనె సుడిలో చిక్కి ఉరవడిలోకి జారిపోయింది. దాంట్లో ఉన్న జోవావ్ ఈది ఒడ్డు చేరాడు. కెర్మిట్ ఒక కొమ్మ పట్టుకుని చావు తప్పించుకున్నాడు. సింప్లీసియో అనే యువకుడు మళ్లీ కనిపించలేదు. శవం కూడా దొరకలేదు. ఆ చోట రోండాన్ ఒక పలక పాతించి, పాపం సింప్లీసియో ఇక్కడే పోయాడని రాయించాడు. తాను ఆగమన్నా కెర్మిట్ ముందుకెళ్లాడని రోండాన్ తర్వాత చెప్పాడు. రూజ్వెల్ట్ రాసినదాంట్లో ఆ మాట లేదు.

ఆదివాసులు దాడి చేయలేదా?

మనుషుల మీద చేయలేదు. సింప్లీసియో పోయిన మరునాడు రోండాన్ వేటకు వెళ్తే, ముందు పరిగెత్తిన ఆయన కుక్క లోబోను బాణాలతో చంపేశారు. కుక్క వెనక వస్తున్నది రోండానే. ఆ బాణాలు ఆయనకు తగలాల్సినవి కావచ్చు. ఆయన చేసిందేమిటంటే, ఆ చోట బహుమతులు పెట్టి వచ్చేశాడు.

సింటా లార్గాలు అడవిలోంచి గమనిస్తూనే ఉన్నారు. ఖాళీ గుడిసెలు, మాటలు, అడుగుజాడలు తప్ప యాత్రికులకు ఒక్క మనిషి కూడా కంటపడలేదు. ఆ అడవిలో వాళ్లు తలుచుకుంటే ఈ ఇరవై మందిని ఆపడం పెద్ద పని కాదు. యాత్ర ముగిసిందంటే వాళ్లు వదిలేశారు కాబట్టే. కారణాల్లో రోండాన్ నియమం కూడా ఒకటని నా నమ్మకం.

ఏం తిని బతికారు? పిరాన్హాల సంగతేంటి?

తెచ్చుకున్న డబ్బాలు సగం కోటాకు, తర్వాత ఇంకా తక్కువకు వచ్చాయి. అడవి నిండా తిండి ఉంటుందనుకుంటాం. ఉండదు. జంతువులు చెట్ల పైన, చీకట్లో, రంగులు కలిసిపోయి ఉంటాయి. కోతి దొరికిన రోజు పండుగ. తాటి జాతి చెట్ల మొవ్వు, అప్పుడప్పుడు తేనె, చేపలు. బ్రెజిల్ నట్స్ ఆ ఏడాది సరిగా కాయలేదు.

పిరాన్హాలను కూడా పట్టి తిన్నారు. ఈ చేపకు ప్రపంచమంతా అంత భయంకరమైన పేరు రావడంలో రూజ్వెల్ట్ రాతల పాత్ర చాలా ఉంది. రోండాన్ కాలి వేలు ఒకటి గతంలో పిరాన్హా కొరికేసింది కూడా. అయినా ఈ యాత్రలో మనుషుల్ని ఎక్కువ బాధపెట్టింది పురుగులు. ఈగలు కుట్టి చేతులు వాచిపోయేవి. చెదలు, చీమలు రూజ్వెల్ట్ బట్టలు కూడా తినేశాయి.

హత్య జరిగిందంటారు, నిజమేనా?

నిజం. జూలియో అనే కూలీ తిండి దొంగిలిస్తూ దొరికేవాడు. పైషావ్ అనే మేస్త్రీ అతన్ని చాలాసార్లు మందలించాడు. ఏప్రిల్ 3న బరువులు మోస్తున్న సమయంలో జూలియో తుపాకీ తీసి పైషావ్‌ను కాల్చి చంపి, అడవిలోకి పారిపోయాడు. హంతకుడు కనిపిస్తే కాల్చేయాలన్నాడు రూజ్వెల్ట్. బ్రెజిల్ చట్టం ప్రకారం పట్టుకుని కోర్టుకు అప్పగించాలన్నాడు రోండాన్. మూడు రోజులకు జూలియో ఒడ్డున నిలబడి లొంగిపోతానని అరిచాడు. దోనెలు ఆగకుండా వెళ్లిపోయాయి. మరునాడు రోండాన్ ఇద్దర్ని వెనక్కి పంపి వెతికించాడు. అతను దొరకలేదు.

రూజ్వెల్ట్ తనను వదిలేసి వెళ్లమన్నాడా?

అన్నాడు. మార్చి 27న రాళ్ల మధ్య ఇరుక్కున్న రెండు దోనెల్ని విడిపించడానికి నీళ్లలోకి దూకినప్పుడు ఆయన కాలు బండకు కొట్టుకుని చీరుకుంది. 1902లో బండి ప్రమాదంలో దెబ్బతిన్న కాలే అది. గాయం చీము పట్టింది, మలేరియా తిరగబెట్టింది, జ్వరం 105 డిగ్రీలకు ఎక్కింది. రాత్రంతా పలవరిస్తుంటే డాక్టర్ కాజాజెయిరా క్వినైన్ ఇంజెక్షన్లు ఇస్తూ కూర్చున్నాడు.

నిటారు గోడల్లాంటి లోయ ఎదురైనప్పుడు రూజ్వెల్ట్ కెర్మిట్‌నూ చెర్రీనీ పిలిచి, మీరు వెళ్లండి, నేను ఇక్కడే ఉండిపోతానన్నాడు. ఇలాంటి ప్రయాణాల్లో ప్రాణాంతకమైన మోతాదులో మార్ఫిన్ వెంట ఉంచుకోవడం ఆయనకు అలవాటు. కెర్మిట్ ససేమిరా అన్నాడు. తాను చచ్చినా కొడుకు తన శవాన్నైనా మోసుకొస్తాడని, అది వాళ్లకు ఇంకా పెద్ద బరువని రూజ్వెల్ట్‌కు అర్థమైంది. బతకడానికి ఒప్పుకున్నాడు. ఆ లోయలో దోనెల్ని తాళ్లతో దింపడం అసాధ్యమని రోండాన్ అనుకుంటే, వంతెనల పనిలో తాళ్లు వాడిన అనుభవంతో కెర్మిట్, లిరా కలిసి నాలుగు రోజులు కష్టపడి దింపించారు.

ఏప్రిల్‌లో నది ఒడ్డునే, మత్తు మందు లేకుండా డాక్టర్ ఆ కాలి చీముగడ్డను కోశాడు. రూజ్వెల్ట్ కిక్కురుమనలేదు.

ఎలా బయటపడ్డారు?

ఏప్రిల్ 15న ఒడ్డున ఒక గుంజ, దాని మీద "జె.ఎ." అనే అక్షరాలు కనిపించాయి. రబ్బరు పాలు గీసే మనిషి తన హద్దుకు పెట్టుకున్న గుర్తు. అంటే మనుషులున్న చోటికి వచ్చేశారు. పై నుంచి దోనెలు రావడం చూసి అక్కడివాళ్లు ఆదివాసుల దాడి అనుకుని పరిగెత్తారు. సంగతి తెలిశాక ఆ పేదవాళ్లే తిండి పెట్టారు, దారి చూపించారు.

ఏప్రిల్ 26న అరిపువానా నదితో కలిసే చోట లెఫ్టినెంట్ పిరినియస్ బృందం కనిపించింది. రోండాన్ నెలల ముందే అక్కడికి పంపి ఎదురుచూడమన్నాడు. నది ఎక్కడ తేలుతుందో ఆయన వేసిన అంచనా నిజమైంది. ఏప్రిల్ 30న మనౌస్ నగరం చేరేసరికి రూజ్వెల్ట్‌ను స్ట్రెచర్ మీద దింపారు. సుమారు పాతిక కిలోలు తగ్గిపోయాడు. బయల్దేరిన 22 మందిలో 19 మంది తిరిగొచ్చారు.

జనం నమ్మారా?

అందరూ నమ్మలేదు. లండన్‌లో భూగోళశాస్త్ర పెద్ద సర్ క్లెమెంట్స్ మార్కమ్ లాంటివాళ్లు అనుమానం వ్యక్తం చేశారు. రూజ్వెల్ట్ ఇంకా బలహీనంగా ఉండగానే మే నెలలో వాషింగ్టన్‌లో, జూన్‌లో లండన్‌లో ఉపన్యాసాలిచ్చి సమాధానం చెప్పాడు. 1927లో జార్జ్ డయట్ అదే నది మీద వెళ్లి, వాళ్లు రాసింది నిజమేనని తేల్చాడు. సందేహాలకు గట్టి జవాబుగా నిలిచింది ఎవరి ఉపన్యాసమూ కాదు, ఆకలి వేళ కూడా రోండాన్, లిరా వదలకుండా రాసుకున్న కొలతలే.

నది పొడవు ఒక్కోచోట ఒక్కోలా రాస్తారెందుకు?

మనౌస్ నుంచి పంపిన టెలిగ్రామ్‌లో రూజ్వెల్ట్ సుమారు 1,500 కిలోమీటర్లని రాశాడు. అంటే మన గోదావరి అంత. ఆయన అరిపువానా దిగువ భాగాన్ని కూడా కలిపి లెక్కపెట్టాడు. ఇప్పుడు రూజ్వెల్ట్ నది అని పిలిచే భాగం సుమారు 760 కిలోమీటర్లు. యాత్ర మధ్యలోనే, మార్చి 18న రోండాన్ తన ప్రభుత్వం తరఫున ఆ పేరు ప్రకటించాడు. ఒక ఉపనదికి కెర్మిట్ పేరు పెట్టాడు.

ఈ యాత్ర వల్లే రూజ్వెల్ట్ త్వరగా చనిపోయాడా?

ఒక్క దాని వల్లే అనలేం. కానీ ఆ తర్వాత మునుపటి ఆరోగ్యం రాలేదు. జ్వరాలు తిరగబెట్టేవి, కాలి గాయం వేధించేది. 1918లో ఆపరేషన్లకు ఆసుపత్రిలో చేరాడు. అదే ఏడాది చిన్న కొడుకు క్వెంటిన్ యుద్ధంలో చనిపోయాడు. 1919 జనవరి 6న, అరవై ఏళ్ల వయసులో, నిద్రలోనే పోయాడు.

ఆ అడవి, అక్కడి మనుషులు ఇప్పుడెలా ఉన్నారు?

సింటా లార్గాలు బయటి ప్రపంచంతో కలిసింది ప్రధానంగా 1960ల్లో, అదీ ఘోరంగా. 1963లో రబ్బరు వ్యాపారి మనుషులు వాళ్ల ఊరి మీద విమానం నుంచి డైనమైట్ వేసి, తర్వాత నేల మీద కూడా వచ్చి చంపారు. తర్వాత రోగాలు వచ్చాయి, కలప దొంగలు వచ్చారు. 2000 ప్రాంతంలో వాళ్ల నేలలో వజ్రాలు దొరికాయి. వేలమంది దొంగ తవ్వకాలకు దిగారు. 2004 ఏప్రిల్‌లో జరిగిన ఘర్షణలో సింటా లార్గాలు 29 మంది తవ్వకందారుల్ని చంపారు. ఆ నేలను రూజ్వెల్ట్ ఆదివాసీ భూభాగం అంటారు. అక్కడ గనుల తవ్వకం చట్ట విరుద్ధం. అయినా తవ్వకాలు ఆగలేదు.

వెళ్లి చూడొచ్చా?

దిగువ భాగానికి చేపల వేట కోసం పర్యాటకులు వెళ్తుంటారు. ఎగువన ఆదివాసీ భూభాగాల్లోకి వెళ్లాలంటే బ్రెజిల్ ఆదివాసీ వ్యవహారాల సంస్థ ఫునాయ్ అనుమతి, అక్కడి సమాజం ఒప్పుకోలు రెండూ ఉండాలి. అనుమతి లేకుండా, డబ్బులిస్తే తీసుకెళ్తామనే వాళ్లతో వెళ్లకండి.